విమాన టికెట్‌లో పేరు గుర్తింపు కార్డుతో కలవకపోతే ఏం చేయాలి?

ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి టికెట్‌లో పొడి అక్షరం మాత్రమే పడితే లోపలికి పంపిస్తారా అని కొందరు, కోడలి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉండగా అత్తింటి ఇంటిపేరుతో టికెట్ కొన్నాం, ఇప్పుడెలాగని మరికొందరు, పేరూ ఇంటిపేరూ తారుమారైతే టికెట్ చెల్లుతుందా అని ఇంకొందరు పదేపదే అడుగుతున్నారు. ఇంటిపేరు ముందు రాసుకోవడం, దాన్ని ఒక్క అక్షరానికి కుదించడం, ఒకే పేరును ఇంగ్లీషులో నలుగురు నాలుగు విధాలుగా రాయడం మన అలవాట్లు. విమానయాన సంస్థల ఫారాలకు తెలిసినవి మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే రెండు గళ్లే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

టికెట్ మీద ఉండవలసింది మిమ్మల్ని ఊళ్లో పిలిచే పేరు కాదు, పదో తరగతి సర్టిఫికెట్‌లోని పేరు కూడా కాదు. ప్రయాణం రోజున మీరు ఏ కార్డు చేతిలో పట్టుకుని నిలబడతారో ఆ కార్డు మీది పేరే ఉండాలి. కాబట్టి ముందు కార్డు ఏదో తేల్చుకుని, ఆ తర్వాతే టికెట్ కొనాలి.

దగ్గర ఉంచుకోవలసినవి

- ప్రయాణించే ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు ఫొటో. పేరును ఫోన్‌లో విని రాసుకోవద్దు, వాట్సాప్‌లో టైపు చేసి పంపమని కూడా అడగవద్దు. కార్డు ఫొటోనే తెప్పించుకోండి.
- విదేశీ ప్రయాణమైతే పాస్‌పోర్టు ఫొటో పేజీ, తల్లిదండ్రుల పేర్లుండే చివరి పేజీ, వీసా ఉంటే దాని ప్రతి.
- టికెట్ ఇప్పటికే కొని ఉంటే పీఎన్ఆర్ నంబరు, బుకింగ్ ఈమెయిల్, అది ఏ రోజు ఏ సమయానికి వచ్చిందన్న వివరం.
- పేరు మారిన వారికి ఆ మార్పును చూపించే కాగితం, అంటే వివాహ ధ్రువపత్రం లేదా గెజిట్ ప్రకటన.

1. ఏ కార్డు చూపిస్తారో ముందే నిర్ణయించుకోండి

దేశంలోపలి ప్రయాణానికి ఆధార్ ఒక్కటే చెల్లుతుందన్నది అపోహ. పాస్‌పోర్టు, ఓటరు కార్డు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు కార్డు వంటి ఫొటో గుర్తింపు కార్డుల్లో ఏదైనా సరిపోతుంది. ఆధార్‌ను, డ్రైవింగ్ లైసెన్సును డిజిలాకర్‌లో తెరిచి చూపించినా అంగీకరిస్తారు. దీనివల్ల చాలామంది గమనించని ఒక సౌలభ్యం ఉంది. టికెట్‌లో పడిన పేరు ఆధార్‌తో కలవకపోయినా పాన్‌తోనో ఓటరు కార్డుతోనో అచ్చంగా కలుస్తుంటే, టికెట్ జోలికి పోకుండా ఆ కార్డునే వెంట తీసుకువెళ్లవచ్చు. మనవాళ్ల కార్డుల్లో పేరు ఒక్కోదానిలో ఒక్కో విధంగా ఉండటం వల్ల కలిగే మేలు బహుశా ఇదొక్కటే.

విదేశీ ప్రయాణానికి ఈ వెసులుబాటు లేదు. అక్కడ పాస్‌పోర్టు తప్ప మరో కార్డు లెక్కలోకి రాదు. టికెట్, వీసా, పాస్‌పోర్టు మూడూ ఒకే పేరు చెప్పాలి. నేపాల్, భూటాన్ వెళ్లే భారతీయులకు పాస్‌పోర్టుకు బదులు ఓటరు కార్డు కూడా చెల్లుతుంది గనుక, ఓటరు కార్డుతో వెళ్లదలచినవారు టికెట్‌ను కూడా ఆ కార్డులోని పేరుతోనే తీసుకోవాలి. కాఠ్‌మాండూ టికెట్‌ను ఆధార్ చూసి కొని, విమానాశ్రయానికి ఓటరు కార్డు తీసుకుపోయే పొరపాటు తీర్థయాత్రల బృందాల్లో జరుగుతుంటుంది.

2. కార్డులో పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం చూడండి

పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ అని రెండు వరుసలు వేర్వేరుగా ఉంటాయి. అనుమానం ఉంటే ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో కనిపించే రెండు వరుసల్లో మొదటిదాన్ని చూడండి. దేశం కోడ్ తర్వాత మొదలయ్యేది ఇంటిపేరు. దాని తర్వాత రెండు బాణం గుర్తులు వరుసగా వస్తాయి. ఆ పైన వచ్చేదంతా పేరు. విమానాశ్రయాల్లోని యంత్రాలు చదివేది ఈ వరుసనే. ఇందులో పేరుకు కేటాయించిన స్థలం 39 గుర్తులు మాత్రమే కనుక, మన సుదీర్ఘమైన పేర్లు కొన్ని చివర్లో తెగిపోయి కనిపిస్తాయి. అలా తెగిపోవడం లోపం కాదు. అప్పుడు టికెట్ కోసం పై భాగంలో అచ్చయిన పూర్తి పేరును తీసుకోండి.

ఆధార్‌లోనూ పాన్‌లోనూ పేరు ఒకే వరుసలో ఉంటుంది. ఏది ఇంటిపేరో విడిగా చెప్పదు. అక్కడ స్పెల్లింగు ముఖ్యం. లక్ష్మి అన్న పేరును కొందరు కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తే కొందరు ఎక్స్ ఒక్కటి వేసి ముగిస్తారు. శ్రీనివాస్‌లో ఐ ఒకటా, ఈలు రెండా. మూర్తిలో టి తర్వాత హెచ్ ఉందా లేదా. చౌదరిలో డబ్ల్యు పెట్టారా, యు పెట్టారా. మహమ్మద్ అని పూర్తిగా ఉందా, ఎం, డి అని రెండక్షరాలే ఉన్నాయా అన్నవి కంటితో చూసి తీరవలసిన సంగతులు. సొంత తమ్ముడి పేరైనా సరే, జ్ఞాపకం మీద ఆధారపడి టైపు చేయవద్దు.

3. ఫారంలో ఏ గడిలో ఏది నింపాలి

పాస్‌పోర్టులో సర్‌నేమ్ వరుసలో ఉన్నదంతా లాస్ట్ నేమ్ గడిలోకి, గివెన్ నేమ్ వరుసలో ఉన్నదంతా ఫస్ట్ నేమ్ గడిలోకి వెళ్లాలి. కొండపల్లి వెంకట సత్య రమణ అన్న వ్యక్తి పాస్‌పోర్టులో సర్‌నేమ్ కొండపల్లి అని ఉంటే, ఫస్ట్ నేమ్ గడిలో 'వెంకట సత్య రమణ' అని మూడు పదాలూ రాయాలి. మిడిల్ నేమ్‌కు వేరే గడి ఉంటే 'సత్య'ను అందులో వేయవచ్చు, లేకపోతే ఫస్ట్ నేమ్‌లోనే ఉంచేయవచ్చు. పొడవుగా ఉందని మధ్య పదాన్ని వదిలేయడం మాత్రం మంచిది కాదు. దేశీయ ప్రయాణంలో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవచ్చు గాని, వీసా పేరుతో సరిచూసే దేశాలకు వెళ్లేటప్పుడు అనవసరమైన ప్రశ్నలకు తావిస్తుంది.

పాస్‌పోర్టులో రమణ అన్నది సర్‌నేమ్ గడిలో ఉంటే టికెట్‌లో కూడా రమణే లాస్ట్ నేమ్. అది మీ ఇంటిపేరు కాదు కదా అన్న ఆలోచన ఇక్కడ పెట్టుకోవద్దు. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడే గడులు తారుమారై ఉన్నా, మీరు అనుసరించవలసింది పాస్‌పోర్టునే.

ఆధార్‌లో 'కె. వెంకట రమణ' అని పొడి అక్షరంతో ఉన్నవారికి మరో చిక్కు ఎదురవుతుంది. లాస్ట్ నేమ్ గడిలో ఒక్క అక్షరం వేస్తే కొన్ని వెబ్‌సైట్లు ఒప్పుకోవు. దేశీయ ప్రయాణమైతే ఫస్ట్ నేమ్‌లో 'కె వెంకట' అని, లాస్ట్ నేమ్‌లో 'రమణ' అని వేయండి. కార్డులోని పదాలన్నీ టికెట్‌లో ఉంటాయి, ఏదీ అదనంగా చేరదు. ద్వారం దగ్గర చూసేవారికి అది చాలు. అలా కాకుండా, కార్డులో లేని ఇంటిపేరును మీ అంతట మీరు విడదీసి రాస్తే, అది నిజమైన ఇంటిపేరే అయినా, కార్డులో దానికి సాక్ష్యం దొరకదు.

చుక్కలు, గీతలు వేయనక్కరలేదు. డాక్టర్, కల్నల్, రిటైర్డ్ వంటివి పేరు గడిలో రాయకూడదు. మిస్టర్, మిసెస్, మిస్ అన్న ఎంపికలో పొరపాటు జరిగితే పురుషులకు స్త్రీ అని, స్త్రీలకు పురుషుడని నమోదయ్యే ప్రమాదం ఉంది కాబట్టి అది కూడా చూసుకోండి.

4. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే

దీని గురించి కొంత విడిగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. పేరంతా గివెన్ నేమ్ వరుసలోనే ఉండి సర్‌నేమ్ ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తాయి. టికెట్ ఫారం లాస్ట్ నేమ్ లేకుండా ముందుకు కదలదు. కొన్ని విమానయాన సంస్థలు ఒకే పేరును రెండు గడుల్లోనూ రాయమంటాయి. కొన్ని ఫస్ట్ నేమ్ గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అనో, లాస్ట్ నేమ్ గడిలో ఎల్ఎన్‌యూ (లాస్ట్ నేమ్ అన్‌నోన్) అనో వేయమంటాయి. మీరు ఎక్కబోయే సంస్థ వెబ్‌సైట్‌లోని సహాయ పేజీలో ఏముందో చదివి దాన్నే పాటించండి. ఒక సంస్థ పద్ధతిని మరో సంస్థ దగ్గర వాడవద్దు.

అమెరికా వీసాలో ఇలాంటి వారి పేరంతా సర్‌నేమ్‌గాను, గివెన్ నేమ్ స్థానంలో ఎఫ్ఎన్‌యూ అనీ ముద్రిస్తారు. పేరు తెలియదని చెప్పడానికి వాళ్లు వాడే మూడక్షరాలు అవి. పాస్‌పోర్టు ఒకలా, వీసా మరొకలా ఉన్నట్టు కనిపించే ఇలాంటి సందర్భంలో వెబ్‌సైట్‌లో సొంతంగా ప్రయత్నించడం కంటే, విమానయాన సంస్థకు ఫోన్ చేసి వాళ్లు చెప్పిన విధంగా బుక్ చేయించుకోవడం మేలు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. దుబాయ్, అబుదాబి, షార్జాలకు పర్యాటక, సందర్శక వీసా మీద వెళ్లేవారి పాస్‌పోర్టులో పేరు ఒకే ఒక్క పదంగా ఉండి రెండో గడి ఖాళీగా ఉంటే ప్రవేశం ఇవ్వబోమని 2022 నవంబరు 21 నుంచి ఆ దేశం నిబంధన అమలు చేసింది. తర్వాత ఇచ్చిన వివరణ ప్రకారం, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే అంగీకరిస్తారు. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నా గివెన్ నేమ్‌లో రెండు పదాలున్నవారు ఈ చిక్కులో పడరు. ఒకే పదం పేరున్నవారు ముందు వీసా, ఆ తర్వాత టికెట్ అన్న వరుస పాటించాలి. ముందు కొన్న చౌక టికెట్ రీఫండ్ రానిదై ఉంటే ఆ నష్టం మీదే. గల్ఫ్‌కు తరచూ వెళ్లవలసినవారికి పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్పించుకుని మళ్లీ జారీ చేయించుకోవడమే శాశ్వత పరిష్కారమని నా అభిప్రాయం.

5. డబ్బు కట్టే ముందు ఒకసారి, టికెట్ వచ్చిన వెంటనే మరోసారి చదవండి

చెల్లింపు పేజీకి ముందు పేర్లన్నీ ఒకచోట కనిపిస్తాయి. అక్కడ ఆగి, ఒకరు కార్డు చూస్తూ అక్షరాలు చదువుతుంటే మరొకరు తెర మీద సరిచూడండి. బ్రౌజర్ తనంతట తాను గడులు నింపే సౌకర్యం వల్ల తల్లి టికెట్ కొనబోయిన కొడుకు పేరే ప్రయాణికుడిగా పడటం చాలా సాధారణమైన తప్పు. స్పెల్లింగు తప్పు కంటే ఇది ప్రమాదకరం, ఎందుకంటే మనిషే మారిపోయినట్టు లెక్క. వెబ్‌సైట్‌లో పాత ప్రయాణికుల జాబితా నుంచి పేరును ఎంచుకునేటప్పుడు కూడా, అందులో ఎప్పుడో నమోదైన తప్పు అలాగే ఉండిపోయిందేమో చూడండి.

టికెట్ ఈమెయిల్‌కు వచ్చాక కింది విషయాలు చూసి కంగారు పడవద్దు, ఇవి తప్పులు కావు:

- ఇంటిపేరు ముందు, గీటు, ఆ తర్వాత పేరు ఉండటం.
- పదాల మధ్య ఖాళీలు పోయి పేరంతా కలిసిపోవడం.
- పేరు చివర మిస్టర్, మిసెస్ అన్న పదాల పొట్టి రూపాలు అతుక్కుపోవడం.
- పొడవైన పేరు బోర్డింగ్ పాస్ మీద మధ్యలో తెగిపోవడం. బోర్డింగ్ పాస్ బార్‌కోడ్‌లో పేరుకు కేటాయించింది 20 అక్షరాలే. బుకింగ్‌లో పూర్తి పేరు ఉన్నంతవరకు ఇబ్బంది లేదు.

6. తేడా ఏ రకమైనదో తేల్చుకోండి

ఒకటి రెండు అక్షరాల తేడా, చదివితే అదే మనిషని తెలిసిపోయేది, చిన్న తప్పు. దేశీయ ప్రయాణంలో ద్వారం దగ్గర ఉండే సీఐఎస్ఎఫ్ (విమానాశ్రయ భద్రత చూసే కేంద్ర బలగం) సిబ్బంది సాధారణంగా ఇలాంటివి చూసీ చూడనట్టు పోనిస్తారు. అయితే అది వారి విచక్షణే గాని మీ హక్కు కాదు. విదేశీ ప్రయాణమైతే చిన్న తప్పునైనా సరిచేయించుకోవాలి.

పేరూ ఇంటిపేరూ గడులు మారడం రెండో రకం. దేశీయ ప్రయాణానికి దాదాపుగా అడ్డు కాదు, విదేశీ ప్రయాణానికి సవరణ అవసరం. అన్ని పదాలూ సరిగానే ఉన్నాయి కనుక విమానయాన సంస్థలు దీన్ని సరిచేయడానికి పెద్దగా అభ్యంతరం చెప్పవు.

ఇంటిపేరు పూర్తిగా వేరుగా ఉండటం, ముద్దుపేరుతో టికెట్ ఉండటం, వేరే మనిషి పేరే పడటం మూడో రకం. పెళ్లికి ముందు, తర్వాత ఇంటిపేర్ల తేడాను వివాహ ధ్రువపత్రం చూపించి సరిచేయించుకోవచ్చు. బుజ్జి, చిన్నారావు వంటి పేర్లతో బంధువులు ప్రేమగా కొన్న టికెట్‌కు మాత్రం చూపించడానికి ఏ కాగితమూ ఉండదు. ఇక టికెట్‌ను ఒకరి నుంచి మరొకరికి మార్చడాన్ని విమానయాన సంస్థలు సాధారణంగా అంగీకరించవు. అది సవరణ కాదు, బదిలీ.

7. సవరణ చేయించుకునే విధానం

తప్పు కనిపించిన గంటలోనే పని మొదలుపెట్టండి. టికెట్‌ను నేరుగా విమానయాన సంస్థ వెబ్‌సైట్‌లో కొని ఉండి, బుక్ చేసిన 24 గంటల్లోపు తప్పును సంస్థ దృష్టికి తెస్తే, అదే వ్యక్తి పేరును సరిచేయడానికి అదనపు రుసుము వసూలు చేయరాదని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. ఫోన్‌లో మాట్లాడినా సరే, ఆ 24 గంటల్లోపే ఒక ఈమెయిల్ కూడా పంపండి. మీరు ఎప్పుడు తెలియజేశారన్నదానికి అదే సాక్ష్యం.

అ) ముందుగా సంస్థ వెబ్‌సైట్‌లో బుకింగ్‌ను తెరవండి. కొన్ని సంస్థలు కొద్ది అక్షరాల సవరణను అక్కడే చేసుకోనిస్తాయి.

ఆ) అక్కడ వీలుకాకపోతే కాల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. నంబరును టికెట్ మీద నుంచో సంస్థ వెబ్‌సైట్ నుంచో మాత్రమే తీసుకోండి. గూగుల్‌లో వెతికితే వచ్చే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్లవి ఉంటాయి. ఫోన్ తెరను పంచుకునే యాప్ వేసుకోమన్నా, ఓటీపీ చెప్పమన్నా, పేరు మార్చడానికి యూపీఐలో డబ్బు పంపమన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి.

ఇ) మాట్లాడేటప్పుడు 'పేరు మార్చాలి' అనవద్దు, 'అదే ప్రయాణికుడి పేరులో అక్షర దోషం సరిచేయాలి' అని చెప్పండి. మొదటి మాటకు 'కుదరదు' అన్న జవాబే వస్తుంది. పీఎన్ఆర్, ఇప్పుడున్న పేరు, ఉండవలసిన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో విడివిడిగా చెప్పి, కార్డు ప్రతిని వారిచ్చిన ఈమెయిల్‌కు పంపండి.

ఈ) ట్రావెల్ ఏజెంటు దగ్గరో ప్రయాణ యాప్‌లోనో కొన్న టికెట్ అయితే, విమానయాన సంస్థ మిమ్మల్ని తిరిగి వారి దగ్గరకే పంపుతుంది. కాబట్టి ముందు అక్కడే అడగండి. ఏజెంటు నోటిమాటగా 'చేయించేశాను' అంటే సరిపోదు, కొత్త టికెట్ ప్రతి ఇవ్వాలి. ఏజెంటు అదనంగా తీసుకునే సేవా రుసుమును ముందే అడిగి తెలుసుకోండి.

ఉ) వెబ్ చెక్-ఇన్ చేయకుండా ఆగండి. చెక్-ఇన్ అయిపోతే దాన్ని రద్దు చేయిస్తే తప్ప పేరును ముట్టుకోలేరు. అలాగే ప్రయాణంలో సగభాగం పూర్తయ్యాక తిరుగు ప్రయాణపు పేరు మార్చడం చాలా కష్టం. వెళ్లేటప్పుడు ఎలాగో గట్టెక్కామని తిరుగు టికెట్‌ను అలాగే వదిలేయవద్దు.

ఊ) ఒకే టికెట్‌లో రెండు సంస్థల విమానాలుంటే, ఉదాహరణకు హైదరాబాద్ నుంచి దోహా లేదా లండన్ వరకు ఒక సంస్థ, అక్కడి నుంచి అమెరికాలో మరో సంస్థ ఉంటే, టికెట్ జారీ చేసిన సంస్థే సవరణ చేయాలి. రెండో సంస్థ రికార్డులో కూడా అది మారిందో లేదో వాళ్లనే అడిగి నిర్ధారించుకోవాలి. ఇలాంటి టికెట్లకు సవరణ కుదరదని, రద్దు చేసి మళ్లీ కొనమని చెప్పడం కూడా ఉంటుంది.

సవరణ కుదరకపోతే మిగిలింది రద్దు చేసి కొత్త టికెట్ కొనడమే. తొందరపడి రద్దు నొక్కకుండా, ముందు ఆ రోజు కొత్త టికెట్ ధర, రద్దు రుసుము, సవరణ రుసుము మూడూ కాగితం మీద వేసి చూడండి. రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. రీఫండ్ రాని టికెట్ అయినా పన్నులు, విమానాశ్రయ వినియోగ రుసుములు తిరిగి ఇవ్వాలి. 'ఏమీ రాదు' అని చెబితే ఈ విషయం గుర్తు చేయండి. అప్పటికీ పని జరగకపోతే పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఒక గట్టి హెచ్చరిక. టికెట్ పీడీఎఫ్‌లో పేరును తామే దిద్దుకుని ప్రింట్ తీసుకునేవారు ఉన్నారు. ద్వారం దగ్గర దాటినా చెక్-ఇన్ దగ్గర కంప్యూటర్‌లో అసలు పేరే కనిపిస్తుంది. దిద్దిన టికెట్‌తో పట్టుబడితే విషయం పోలీసుల దాకా వెళుతుంది. అక్షర దోషానికి లేని శిక్ష ఫోర్జరీకి ఉంటుంది.

8. సవరణ నిజంగా జరిగిందో లేదో పరీక్షించండి

కాల్ సెంటర్ నుంచి వచ్చే 'మీ అభ్యర్థన స్వీకరించాం' అన్న సందేశం సవరణ కాదు. పేరు మారిన కొత్త టికెట్ ఈమెయిల్‌కు రావాలి. ఆ తర్వాత సంస్థ వెబ్‌సైట్‌లో కొత్త ఇంటిపేరు, పీఎన్ఆర్ వేసి బుకింగ్ తెరుచుకుంటుందో లేదో చూడండి. పాత స్పెల్లింగుతోనే తెరుచుకుంటుంటే పని కాలేదన్నమాట. వెళ్లే విమానం, తిరిగివచ్చే విమానం, మధ్యలో మారే విమానం, ప్రతిదానిలోనూ పేరు చూడండి. విదేశీ ప్రయాణంలో పాస్‌పోర్టు వివరాలు నమోదు చేసే పేజీ విడిగా ఉంటుంది, అక్కడి పేరు కూడా చదవండి. ప్రయాణ బీమా టికెట్‌తో కలిపి తీసుకుని ఉంటే పాలసీలో పాత పేరే మిగిలిపోవడం మామూలే, దాన్నీ మార్పించండి.

ముఖం గుర్తించి విమానాశ్రయంలోకి పంపే డిజియాత్ర యాప్ వాడేవారికి మరో పరీక్ష ఉంది. శంషాబాద్, గన్నవరం విమానాశ్రయాల్లో ఉన్న ఈ సౌకర్యం ఆధార్‌లోని పేరును బోర్డింగ్ పాస్‌లోని పేరుతో సరిచూస్తుంది. యాప్‌లో బోర్డింగ్ పాస్ చేరకపోతే పేరు తేడాయే కారణం కావచ్చు. అయినా అది ప్రయాణానికి అడ్డంకి కాదు; మామూలు వరుసలో నిలబడి, టికెట్‌తో కలిసే మరో కార్డు చూపించి వెళ్లవచ్చు.

ప్రయాణం రోజున తప్పు బయటపడితే

ద్వారం దగ్గర వాదించవద్దు. చాలా విమానాశ్రయాల్లో విమానయాన సంస్థల టికెట్ కౌంటర్లు ప్రవేశద్వారం వెలుపలే ఉంటాయి. అక్కడికి వెళ్లి గుర్తింపు కార్డు చూపించి సవరణ అడగండి. అనుమానం ఉన్న టికెట్‌తో వెళ్లేవారు మామూలు కంటే కనీసం గంట ముందు చేరుకోవాలి, ఎందుకంటే కౌంటర్‌లో సవరణకు, మళ్లీ వరుసలో నిలబడటానికి ఆ సమయం పడుతుంది. ఇంటిపేరు మారిన మహిళలు పాత కార్డు, కొత్త కార్డు, వివాహ ధ్రువపత్రం మూడూ చేతి సంచిలోనే ఉంచుకోవాలి, చెక్-ఇన్ చేసే పెట్టెలో కాదు.

రెండేళ్లలోపు పిల్లలకు ఫొటో కార్డు అడగరు గాని, వయసు రుజువుగా జనన ధ్రువపత్రం చూపించమంటారు. నామకరణం కాకముందు 'బేబీ ఆఫ్' అని తల్లి పేరుతో ఉన్న ధ్రువపత్రం చేతిలో ఉండి, టికెట్‌లో కొత్త పేరు వేయించిన తల్లిదండ్రులు కౌంటర్‌లో ఇబ్బంది పడతారు. ధ్రువపత్రంలో పేరు చేర్పించాకే టికెట్ కొనండి, లేదంటే ధ్రువపత్రంలో ఉన్నదే టికెట్‌లో వేయండి.

అమెరికాలో ఉన్నవారికి

అక్కడ దేశీయ విమానాలకు కూడా పేరు, పుట్టిన తేదీ, లింగం వివరాలను భద్రతా సంస్థ టీఎస్ఏ ముందుగానే సరిచూస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు చూపించి ప్రయాణిస్తే లైసెన్సులో ఉన్నట్టే టికెట్ ఉండాలి. లైసెన్సులో ఎఫ్ఎన్‌యూ అని పడిన వారు పాస్‌పోర్టు వెంట తీసుకువెళ్లి, టికెట్ కూడా పాస్‌పోర్టు ప్రకారమే కొనడం సుఖం. ప్రీచెక్ (భద్రతా తనిఖీ త్వరగా ముగిసే టీఎస్ఏ పథకం) సభ్యత్వం ఉండి కూడా బోర్డింగ్ పాస్ మీద ఆ గుర్తు రాకపోతే, సభ్యత్వంలో నమోదైన పేరుకూ టికెట్ పేరుకూ తేడా ఉందేమో మొదట అదే చూడండి. విమానయాన సంస్థ దగ్గర మీ ఖాతాలో నిల్వ ఉన్న పేరును ఒకసారి సరిచేస్తే తర్వాతి బుకింగులన్నీ సరిగా వస్తాయి.

కార్డులనే సరిచేయించుకోవాలనుకుంటే

ఏటా ఈ తంటా ఎందుకనుకునేవారు ముందుగా పాస్‌పోర్టును సరిచేయించుకుని, మిగిలిన కార్డులను దానికి అనుగుణంగా మార్చుకోవడం మంచిది. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితకాలంలో రెండుసార్లే అవకాశం ఇస్తారు కనుక, ఒక అవకాశాన్ని ఒక్క టికెట్ కోసం ఖర్చు చేయవద్దు. పాస్‌పోర్టులో పేరు మారితే కొత్త పుస్తకం జారీ అవుతుంది, నంబరు కూడా మారుతుంది. అప్పటికే కొన్న విదేశీ టికెట్లు, వీసాలు పాత పేరుతో ఉంటాయి. కాబట్టి చేతిలో ప్రయాణం ఏదైనా ఉంటే అది ముగిసి తిరిగి వచ్చాకే దరఖాస్తు పెట్టండి.